ఎవరి పేరూ లేని జ్వరం

సీతాబాయి మా బడిలో వంటమనిషి. నర్సింహులపేట దగ్గరి ఒక తండా నుంచి పొద్దున్నే వచ్చి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. తిట్టకుండా వడ్డించడం ఆమెకు చేతకాదు. "సగం కడుపుతోటి లేస్తే కాళ్లిరగ్గొడత" అంటూనే ఇంకో గరిటె వేస్తుంది. నేను ఆ బడి పంతుల్ని, నాకూ అవే తిట్లు.

మొన్నామధ్య ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చి తండా మోరీలోని మురుగునీళ్ళు సీసాలో పట్టుకుపోయారు. ఏ రోగం వస్తోందో దాన్నిబట్టి ముందే తెలుస్తుందట. మంచిదే అనుకున్నాం. తర్వాత ఆ నీళ్ళలో ఏదో జ్వరం ఆనవాళ్ళు దొరికాయన్నారు. ఎవరి పేరూ బయటపెట్టబోమని నర్సు పద్మలత పదేపదే చెప్పింది. నిజమే, ఎవరి పేరూ పెట్టలేదు. 'తండా మోరీ' అన్నారు, అంతే. మనవరాలిని వెంటబెట్టుకుని తండా నుంచి ఊళ్ళోకి రోజూ వచ్చేది సీతాబాయి ఒక్కతే. ఇంక వేరే పేరెందుకు?

మర్నాటి నుంచి ఊరి పిల్లలు టిఫిన్ డబ్బాలు తెచ్చుకోసాగారు. బడిలో వండిన అన్నం గిన్నెలోనే మిగిలిపోయింది. ఇలాగే ఉంటే వంటకు ఇంకొకరిని పెడతామని బడి కమిటీ వాళ్ళు తేల్చేశారు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఎవరిని తిట్టాలో తెలియలేదు.

సంగతి చెప్పగానే సీతాబాయి పోయి పద్మలతను పట్టుకొచ్చింది.

"గా జరం నాకున్నదా మేడం?"

"నీకున్నదని ఎవరన్నరక్కా?"

"మరి లేదని రాసియ్యి."

"ఎట్ల రాసియ్యాలె? మేం చూసింది మోరీ నీళ్లు, నిన్ను గాదు. గవి అందరియి కలిసిన నీళ్లాయె."

"అందరియైతే నన్నొక్కదాన్నే వద్దంటరేంది?"

నీళ్ళు పట్టే ముందు తండాలో ఎవరినీ ఒక మాటైనా అడగలేదు. అడగాలో, అక్కర్లేదో పద్మలతకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ మధ్యాహ్నం సీతాబాయి మనవరాలు దీప సంచిలోంచి డబ్బా తీసింది. మూడో తరగతి పిల్ల.

"నువ్వు గూడనా బిడ్డా?"

"డబ్బా లేకుంటే ఎవ్వలు పక్కకు కూసోనిస్తలేరు దాదీ."

సీతాబాయి మూత తీసింది. పొద్దున ఇంట్లో తాను వండిన టమాట కూరే. డబ్బా చేత్తో పట్టుకునే నా వైపు తిరిగింది.

"సార్, గిదైతే పిల్ల తినొచ్చునా?"

ఎగతాళి చేస్తోందేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతోంది.