తువ్వాలు కింద ఒక్క నొక్కు

మా నాన్న తూకం రాళ్ల మీద ఒట్టు. ఇందులో గ్రాము కూడా కల్తీ లేదు.

ఖరగ్‌పూర్ మొత్తానికి పశువుల సాలను ఇంటి ధర పెట్టి కొన్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. అదీ చెప్పిన ధరకే! కిరాణా కొట్టులో పుట్టి, పంచదార బస్తాల మీద పాకి, కొత్తిమీర కట్టకు కూడా కొసరు అడిగే నేను. బజారంతా నవ్వింది. నేనూ వాళ్లతో కూర్చుని నవ్వాను.

ఎందుకు కొన్నానంటే... మా ఆవిడ కమల.

ఆమె రైల్వే క్వార్టర్లో పుట్టింది. వాళ్ల నాన్న రిటైరవగానే అది ఖాళీ చేశారు. పెళ్లయ్యాక ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ పక్కన నా అద్దె గది. "ఎవుల్నీ అడక్కండా మేకు కొట్టుకునే గోడ ఒకటుంటే సాలండీ" అనేది. అంతే ఆమె కోరిక.

బేరానికి ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. నా చేతి మీద తువ్వాలు వేలాడేది. దాని కింద ఆమె నా చిటికెన వేలు నొక్కేది. ఒక్క నొక్కు... వదిలెయ్, పోదాం. రెండు నొక్కులు... తీసుకో. అమ్మేవాడికి ఏమీ తెలిసేది కాదు.

ఒకసారి కొట్టుకు మరమరాలు కొనడానికి సాలువా వైపు పల్లెకు వెళ్తే వాన పట్టుకుంది. ఎర్రరాతి గోడల సాల కనబడితే లోపలికి దూరాం. ఆవుల మధ్య నిలబడి కమల చుట్టూ చూసింది. అక్కడ బేరమే లేదు. అయినా నా వేలు రెండుసార్లు నొక్కింది. పేడ కంపు అని నవ్వేశాను.

కమల పోయాక ఆ సాల అమ్మకానికి వచ్చింది. ముసలి రైతు ధర చెప్పాడు. తువ్వాలు కింద నా చెయ్యి... ఊరికే ఉంది. "ఠీక్ హై దాదా" అనేశాను.

ఇల్లుగా మార్చే పని కమల తమ్ముడు అప్పారావుది. తాపీ మేస్త్రీ. ఆవులు మేత తినే గాడి పగలగొట్టి వంటగట్టు కట్టాడు. రేకులు మార్చాడు. ఖర్చు కొండెక్కింది. ఇంకా తలుపులు రాకముందే ఒక కోళ్ల వ్యాపారి వచ్చి మంచి లాభానికి అడిగాడు. పొద్దున బయానా తెస్తానన్నాడు.

"ఆడికి అమ్మీ బావా. ఆవులే కాళీ సేసి పోనాయి, నువ్వేటి దూరతావు?"

"మీ అక్క ముచ్చటపడిందిరా."

"ఉండడానికి అక్క లేదు గదేటి" అన్నాడు, నా మొహం చూడకుండా తాపీ కడుగుతూ.

ఆ రాత్రి సామానుకు కాపలాగా నేనే పడుకున్నాను. కాపలావాడి కూలి మిగులుతుందని! తలుపుల్లేని గుమ్మం. సిమెంటు బస్తాలు. దూరంగా నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు గుద్దుకునే చప్పుడు... ధన్... ధన్... కాసేపటికి అదీ ఆగింది. దోమలకు చేతి మీద తువ్వాలు కప్పుకున్నాను. తెల్లారాక అమ్మేద్దామనే అనుకున్నాను.

అప్పుడు వినబడింది.

నెమరు.

కసక్... కసక్... తీరుబడిగా. ఆవు లేదు. గాడే లేదు. ఊపిరి బిగబట్టాను. చప్పుడు నా తల దగ్గరికి వచ్చి... ఆగింది.

తువ్వాలు కదిలింది.

గాలి అనుకున్నాను. గాలికి బరువుండదు కదా... ఏదో వెతుకుతున్నట్టు... బొటనవేలు దాటి... చూపుడు వేలు... నడిమి వేలు... ఉంగరం వేలు... చిటికెన వేలు దగ్గర నిలిచింది. చల్లగా ఉంటే దెయ్యమనుకునేవాణ్ణి. వెచ్చగా ఉంది. అందుకే భయమేసింది.

ఒక్క నొక్కు.

కెవ్వుమని చెయ్యి లాక్కున్నాను. దీపం వెలిగించాను. బస్తాలు బస్తాల్లాగే ఉన్నాయి. మళ్లీ తువ్వాలు కప్పి, చెయ్యి చాపి, తెల్లారేదాకా అలాగే పడుకున్నాను. ఏమీ రాలేదు.

పొద్దున అప్పారావుకు చెప్పాను.

"ఎలకేమో బావా."

"ఎలుకకు చిటికెన వేలే కావాలట్రా?"

వాడు తాపీ కింద పెట్టాడు. వాళ్ల అక్క నొక్కుల సంగతి వాడికీ తెలుసు.

"ఎన్ని?"

"ఒకటే. ఈలోగా నేను చెయ్యి లాగేశాను."

"రెండోది రానివ్వకండా లాగీసినావా! అంత బేరగాడివి, ఒక్క సనం ఆగలేకపోనావేటి బావా!"

అదే నాకూ అంతుపట్టదు. వదిలెయ్ అందా? తీసుకో అనబోయిందా? అసలు ఆమేనా? చెయ్యి తిమ్మిరెక్కిందేమో కూడా. కోళ్ల వ్యాపారిని మాత్రం బయానాతో సహా వెనక్కి పంపేశాను.

ఇక లెక్క. నిజాయితీగానే చెబుతున్నాను. సాల... అడిగినంత. రేకులు, తలుపులు, కూలి... అనుకున్నదానికి రెట్టింపు. చేతికొచ్చి పోయిన లాభం... అది తలుచుకోను. మేకు ఒకటి. గోడకు కొట్టాను, ఎవర్నీ అడగలేదు. దానికి కమల చేతిసంచీ తగిలించాను. ముట్టింది... ఒక్క నొక్కు. రెండోదానికి రోజూ తువ్వాలు కింద చెయ్యి చాపే పడుకుంటున్నాను.