ఆటో అద్దంలో టీచరమ్మ పళ్లు

కొత్తగా పళ్ల డాక్టరునైన ఆ రోజుల్లో నాకు ఎవరి మొహమూ గుర్తుండేది కాదు. పక్కింటావిడ అంటే పైవరసలో వంకరపన్ను, పాలాయన అంటే ముందుపళ్ల మధ్య సందు, అంతే. అరసవల్లిలో గుడికెళ్లే దారిలో ఒక చిన్న క్లినిక్‌లో జూనియర్‌గా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పట్టుదల మాత్రం నా జీతానికి మించి ఉండేది.

అప్పుడే ఎచ్చెర్ల నుంచి ఒక లెక్కల టీచరమ్మ పళ్లు తెల్లబరుచుకోవడానికి వచ్చారు. చర్చిలో పాటల బృందానికి ఆవిడే పెద్ద. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. "నవ్వంటే దాసుకుంటాను. పాటకి నోరు తెరవాల కదమ్మా, అప్పుడేటి సేసేది?" అన్నారు. పెద్ద డాక్టరుగారు ఆవిణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, షేడ్ పట్టీ (తెలుపు నుంచి ముదురు పసుపు దాకా పింగాణీ పళ్లు గుచ్చిన పట్టీ) తీసి, పన్నుకు సరిపోయిన ముక్క ఏదో నాకు చూపించారు. తర్వాత పనుండి విశాఖపట్నం వెళుతూ, "ఆవిడ మాట టీచర్లందరూ వింటారు. జాగ్రత్త!" అన్నారు.

మందు పెట్టడం పూర్తయిన సాయంత్రం ట్యూబులైటు కింద కొలిచాను. మళ్లీ అదే ముక్క!

"ఏటమ్మా, ఏటీ మారనేదా?" అన్నారు టీచరమ్మ. "మారితే ఎంత మారినాదో కొలిసి సూపించాల. ఊరికే తెల్లగున్నాయంటే నానొప్పుకోను."

లైటు మారితే రంగూ మారి కనబడుతుందని చెప్పి, పొద్దున్నే రమ్మన్నాను. ఆవిడ ఎవరిదో పెళ్లికి వెళ్లి, అటునుంచి తిన్నగా పసుపు పట్టుచీరలో వచ్చారు. చీర రంగు పళ్లమీద పడకుండా మెడదాకా బూడిదరంగు గుడ్డ కప్పాను. పెదాలు విడదీసే ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి, ఒక్కో ముక్కా ఆనించి చూసి చూసి చాలాసేపు కొలిచాను. ఈసారి అన్నిటికన్నా తెల్లముక్క సరిపోయింది! ఆవిడ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. నోరు అంతసేపు తెరిచి ఉంచితే పళ్లు ఆరిపోయి, ఉన్నదానికన్నా తెల్లగా కనబడతాయి.

"టీచరుగారూ, ఇది నిజం తెలుపు కాదండీ. నీళ్లు పుక్కిలించి, కాసేపు నోరు మూసుకోండి."

"సర్వీసంతా పిల్లల్ని నోర్మూసుకోమన్నాను. ఇప్పుడు నాకు నువ్వు సెప్తన్నావా?" అంటూనే మూసుకున్నారు.

ఈలోగా గది గోడల సంగతి గమనించాను. చిలకపచ్చ! అవి చూసీ చూసీ నా కళ్లకు ప్రతి పన్నూ ఎర్రగా కనబడుతోంది. ఇక లాభం లేదని ఆవిణ్ణి గుడ్డతో సహా రోడ్డుమీదికి నడిపించాను. (సూర్యుడి గుడి ఉన్న ఊళ్లో వెలుతురు కోసం వెతుక్కున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.) మరీ ఎండ కూడా పనికిరాదు కాబట్టి ఒక లాడ్జి గేటు నీడన నిలబెట్టి, క్లిప్పు పెట్టాను.

అంతలో ఒక ఆటో ఆగింది. "మేడమ్! నాను మీ స్టూడెంటునండీ. ఏటయ్యింది, పన్నూడిపోనాదా?"

నోట్లో క్లిప్పుతో ఆవిడ "ఆఁ ఆఁ" అని తల అడ్డంగా ఊపారు. తల ఊపు అతను చూడలేదు. "ఊడిపోనాదంట!" అని వెనక ఆటోకి కేకేశాడు. జనం మూగారు. పూలమ్మే ఆవిడొకతె నా చేతిలో పట్టీ చూసి, "ఆ సివరిది సరిపోతాది, అదెట్టీ," అంది.

"ఓట్లేయడానికి కాదమ్మా ఇది!" అని అరిచి, మొదటిరోజు సరిపోయిన ముక్కను పన్ను పక్కన ఆనించాను. ముక్క పసుపుగా ఉంది. పన్ను దానికన్నా తెల్లగా ఉంది. కాసేపాగి మళ్లీ చూశాను. తేడా అలాగే ఉంది. "అద్దం! ఎవరి దగ్గరైనా అద్దం ఉందా?"

ఆటో అతను తన బండి పక్క అద్దాన్ని ఇటు తిప్పాడు. టీచరమ్మ వంగి, ముక్కని తనే పట్టుకుని, లెక్క సరిచూసినట్టు చాలాసేపు చూసుకున్నారు. తర్వాత క్లిప్పు లాగేసి నవ్వారు. చేతులు రెండూ కిందే ఉన్నాయి.

"మా క్లాసులో మీరు నవ్వడం ఎప్పుడూ సూణ్ణేదు మేడమ్," అన్నాడతను.

"నువ్వు ఎక్కాలు అప్పసెప్తే నవ్వేదాన్నే," అన్నారావిడ.

పెద్ద డాక్టరుగారు తిరిగొచ్చి, "రోడ్డుమీద బ్రాంచి తెరిచావటగా," అన్నారు. ఉద్యోగం మాత్రం ఖాయం చేశారు.

ఇప్పుడు నా సొంత క్లినిక్‌లో మీట నొక్కితే పన్ను రంగు చెప్పే పరికరం ఉంది. గోడలకు బూడిదరంగు వేయించాను. అయినా ఒక్కోసారి అప్పటి నేను, ఆ జూనియర్ అమ్మాయి, గుర్తొస్తుంది. ఇప్పుడైతే రోడ్డుమీదికి వెళ్లేముందు ఎవరు చూస్తున్నారో చూసుకుంటాను. నడిబజారులో నిలబడ్డ ఆ అమ్మాయికి మాత్రం, చుట్టూ అంత జనం ఉన్నా, ఒక్క పన్ను తప్ప ఇంకేమీ కనబడలేదు.