నల్లగొండలో అచ్చయిన ప్రళయం

ముందే చెప్పి పెడుతున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పుట్టుకతో వచ్చిన రోగం. మా ఇంట్లో బల్లి కనబడిందంటే నేను వీధి చివరికి చేరేసరికి అది ఉడుమవుతుంది, ఆఫీసుకు పోయేసరికి మొసలవుతుంది. మా ఇంటామె నేను చెప్పిన దాంట్లో సగం కొట్టేసి, మిగిలిన సగం మా అక్కనడిగి ఖాయం చేసుకుంటుంది. మీరూ అట్లాగే చదువుకోండి. అయితే పెంచి చెప్పడం వేరు, లేనిది కట్టి చెప్పడం వేరు. కింద పెంచినవి కొల్లలు. కట్టింది ఒక్కటే. అదేదో సమయం వచ్చినప్పుడు నేనే ఒప్పుకుంటాను.

మొన్న, ఈ ఎనభయ్యో ఏట, సూర్యగ్రహణం నాడు నల్లగొండ మొత్తం తలుపులు బిగించుకుంది. పట్టపగలు గడియారం చౌరస్తాలో కుక్క కూడా లేదు. మా ఇంటామె తొక్కు జాడీ మీద గరిక, నీళ్ల బిందె మీద గరిక, బియ్యం డబ్బా మీద గరిక వేసి, ఇంకా మిగిలిన నాలుగు పోచలు రేడియో మీద పెట్టింది. ఆ మసక వెలుతురులో కిటికీ సందుకు కన్ను ఆనించి ఖాళీ రోడ్డును చూస్తుంటే మా బావ యాదికొచ్చాడు. ఆయనే ఉంటే నడిరోడ్డు మీద కుర్చీ వేసుకొని, చంద్రుడు ఎక్కడున్నాడో, సూర్యుడు ఎందుకు కనబడడం లేదో వచ్చినవాళ్లకు, రానివాళ్లకు చెప్పి చెప్పి అలసిపోయేవాడు. అలసిపోవడమే మా బావ అసలు ఉద్యోగం. సైన్సు టీచరు పని, సంపాదకుడి పని తీరికవేళల్లో చేసేవాడు.

బావ అంటే మా అక్క భర్త. అరవైల మొదట్లో పగలంతా హైస్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రం ఒక ప్రెస్సు మీది గదిలో కూర్చొని నెలకొక పత్రిక తెచ్చేవాడు. రాకెట్లు, పక్క లోకాల మనుషులు, కాలంలో వెనక్కి తీసుకుపోయే యంత్రాలు, ఇవి తప్ప వేరే కథ వేయడు. నేనప్పుడు పెళ్లికాని గుమస్తాను. అక్క పోసే చాయ్ కోసం పోయి ప్రూఫులు దిద్దే పనిలో ఇరుక్కున్నాను. గదిలో కూర్చుంటే బావ తల కనబడేది కాదు, వచ్చిన కథల కట్టలే కనబడేవి. ఆ కట్టల వెనక నుంచి ఒక నిట్టూర్పు వచ్చేది. దాని ధాటికి గోడ మీది క్యాలెండరులో రెండు నెలలు తిరిగిపోయేవి. పాఠకుల ఉత్తరాలు ఇంకొక గోనెసంచి. అంగారకుడి మీద వానలు బాగుంటాయా, ఉంటే మాకు రెండెకరాలు ఇప్పిస్తారా అని ఒకాయన. అక్కడ పట్వారీ ఎవరో ముందు కనుక్కొమ్మని ఆయన తమ్ముడు. బావ అందరికీ జవాబు రాసేవాడు.

పత్రిక పేరు చెప్పను. అందులో "గ్రహ" అనే మాట ఉందని మాత్రం చెబుతాను, ఎందుకంటే మా బావ బాధలన్నీ ఆ మాట నుంచే మొదలైనాయి. బోర్డు చూసి జనం జాతకాలు పట్టుకొని మెట్లెక్కేవాళ్లు. నేను జ్యోతిష్యుణ్ణి కాదు నాయనా అని రోజుకు నలభైసార్లు చెప్పేవాడు. మా అక్క ఒకసారి విసుక్కుంది. "గింత చదివిండ్రు, గన్ని గ్రహాల మీద తిరుగుతరు, శని ఎప్పుడు దిగిపోతడో గంత చెప్పరాదా? పాపం దూరం కెల్లి వస్తున్నరు" అని.

రెండో బాధ క్రావడి. గ్రహంలో గ కింద కొక్కెంలా తగిలించి ఉండేదే క్రావడి. కింద ప్రెస్సులో కంపోజిటరు పెద్దాయన సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చేవాడు. కథలో ఏముందో ఆయనకు పట్టదు, అక్షరాలు సరిపోతాయా లేదా అన్నదే పట్టేది. మాకు చూస్తే గ్రహం, చంద్రుడు, శుక్రుడు, యంత్రం, అన్నింటికీ క్రావడే. ప్రెస్సువాళ్లకు అన్నం పెట్టే పెండ్లి కార్డులకూ క్రావడే. ప్రథమ పుత్రుడు, ద్వితీయ పుత్రిక, ప్రార్థన. ముహూర్తాల నెల వచ్చిందంటే పెద్దాయన మెట్ల మీద నిలబడి కేకేసేవాడు: "సార్, క్రావడులు ఒడిసినయి. ఇగ మీ చంద్రుడు వచ్చే వారమే." బావ నిట్టూర్చి, ఎర్ర సిరా కలం తీసి దిద్దేవాడు. అందుకే మాఘమాసంలో మా రాకెట్లు చంద్రుడి మీదికి పోయేవి కావు, జాబిల్లి మీదికి పోయేవి.

అరవై రెండులో, చలికాలం, ఒక పుకారు లేచింది. పుష్యమాసం అమావాస్య ఆదివారం నాడు ఎనిమిది గ్రహాలు ఒక్క రాశిలో కూడుతాయి, ప్రళయం తప్పదు అని. ఊరూరా హోమాలు, భజనలు. మా గది మెట్ల మీద జాతరే. బావ బల్ల మీద సిరాబుడ్డిని సూర్యుడిగా, నిమ్మకాయను భూమిగా, గోలీలను తక్కిన గ్రహాలుగా పెట్టి, అవి ఒక వరుసలో ఉన్నట్టు మన కంటికి కనబడడమే గాని ఒకదానికొకటి కోట్ల మైళ్ల దూరమని వచ్చిన ప్రతివాడికీ వివరించేవాడు. అంతా భక్తిగా విన్నాక ఒక ముసలాయన ఆ నిమ్మకాయను కండ్లకద్దుకొని రుమాల్లో కట్టుకొని పోయాడు. ఇక అది ఆనవాయితీ అయింది. రోజుకు నాలుగు భూములు పోయేవి. చెప్పి చెప్పి గొంతు పోయి, ఒళ్లు వేడెక్కి, బావ పుష్యమాసం మొదట్లోనే చలిజ్వరంతో మంచమెక్కాడు.

సంచికకు రెండు పేజీలు తక్కువ పడ్డాయి. పుష్యం శూన్యమాసం గనుక పెండ్లిళ్లు లేవు, క్రావడులన్నీ అరలో నిండుగా ఉన్నాయి. అన్ని క్రావడులు ఒక్కసారి చూస్తే నాలాంటివాడికి చేతులు ఊరుకుంటాయా? కథ నేనే రాశాను. ఎనిమిది గ్రహాలు కూడడం, భూమి గజగజలాడడం, అంతా వార్తాపత్రికలో వార్త పడ్డట్టు రాశాను. రాస్తున్నకొద్దీ పెరిగింది. ప్రళయానికి ముందు గాలి పలచబడి మొదట జీవాలు, గొర్లు, మేకలు, నిలబడ్డచోటే కూలుతాయని ఒక పేరా కలిపాను. ఆ పేరా పేజీలో పట్టలేదు. కంపోజిటరు పెద్దాయన ఏదో ఒకటి తీసేయాలన్నాడు. బావ ప్రతి కథ నెత్తిన తప్పకుండా వేయించే మాట ఒకటుంది, "కల్పిత కథ" అని. నా పేరాలో ఒక్క ముక్క వదులుకోలేక, దాన్ని తీయించాను.

అమావాస్య మూడు రోజులుందనగా కేతేపల్లి నుంచి ఒక అవ్వ వచ్చింది. గొర్లు కాచుకునే ఇంటి మనిషి. బావ అప్పుడప్పుడే లేచి, గొంతుకు మఫ్లరు చుట్టుకొని కూర్చున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"పంతులూ, మా జీవాలను అమ్మాల్నా, ఉంచాల్నా?"

"అవ్వా, నేను జాతకాల పంతుల్ని కాదు. అయినా ఎందుకు అమ్ముడు?"

"ముందుగాల జీవాలే పోతయని మీరే రాసిండ్రట గదా. బేరగాడు ఊర్ల అందరి ముంగట సదివి చెప్పిండు. ఎట్ల జేసినా సచ్చేటివే గదా, ఎంతకో గంతకు ఇయ్యుండ్రి, పట్నం తోలుకపోయి కోసేటోళ్లకు ఇస్తా అంటుండు. ఇప్పటికే రెండిండ్లోళ్లు ఇచ్చేసిండ్రు. మా కొడుకు రేపు పొద్దుగాల ఇస్తనని మాటిచ్చిండు. నా మనసు ఒప్పక ఉరుక్కుంట వచ్చిన."

నడుముకు చెక్కుకున్న కాగితం తీసి ఇచ్చింది. మా పత్రికలోని పేజీయే. బావ అచ్చులో దాన్ని చూడడం అదే మొదటిసారి. చదివాడు. మళ్లీ పేజీ నెత్తికి పోయి, అక్కడ ఉండాల్సిన మాట కోసం వెతికాడు. తలెత్తి నన్ను చూశాడు. 

"అవ్వా, గిది అబద్ధం" అన్నాడు.

"అచ్చుల పడ్డది అబద్ధమెట్లయితది?"

"గిది కథ అవ్వా. ఊరికే కట్టింది."

"కథైతే ఎన్కట ఒక రాజుండె అని షురూ జేస్తరు గదా. గిండ్ల రాజేడి?" అవ్వ కొంగు విసిరి మెట్ల మీద కూలబడింది. "ఆడిదాన్ని, నేను బోయి అబద్ధమంటే ఎవలింటరు? మీరే వచ్చి చెప్పుండ్రి. ఆ మంద నా బిడ్డల లెక్క. అది బోతే మా ఇంట్ల ఇగ ఏం లేదు."

మర్నాడు తెల్లారగానే బావ, నేను నకిరేకల్ మీదుగా పోయే బస్సెక్కాం. అవ్వ ముందు సీట్లో కూర్చొని, డ్రైవరును దారి పొడుగునా తొందరపెట్టింది. కేతేపల్లిలో చాయ్ హోటల్ ముందు జనం. మూడు వందల మంది అనుకోండి. మీరు సున్నా కొట్టేస్తే ముప్పై. పక్కన లారీ, లారీ దగ్గర బేరగాడు, తాడు పట్టుకొని అవ్వ కొడుకు. బావ బెంచీ ఎక్కి, ఆ పేజీ ఎత్తి చూపించి, అది తమ పత్రికలో తప్పుగా పడ్డ కథ అని, ప్రళయం రాదని, జీవాలు చావవని చెప్పాడు. అప్పుడు నేను కూడా ముందుకొచ్చి, "రాసింది నేనే, తప్పు నాదే" అన్నాను.

బేరగాడు నవ్వాడు. "సారూ, నిన్న అచ్చేసింది అబద్ధమని ఇయ్యాల మీరే అంటుండ్రు. ఇయ్యాల చెప్పేది నిజమని మేమెట్ల నమ్మాలె? రేపొచ్చి గిది గూడ అబద్ధమంటరేమో."

జనం గొల్లుమన్నారు.   బావ బెంచీ దిగి, దాని మీదే కూర్చొని, మఫ్లరు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నన్ను నమ్మకుండ్రి" అన్నాడు చివరికి. "అమావాస్య దాటేదాక నేను ఈ అవ్వ దొడ్లనే ఉంట, జీవాల నడుమ. వాటికేమన్న అయితే నాకూ అయితది. మీరు జూస్తనే ఉండుండ్రి."

అవ్వ కొడుకు బేరగాడి దిక్కు చూశాడు, లారీ దిక్కు చూశాడు, బావ దిక్కు చూశాడు. "సదువుకున్న సారు దొడ్ల పంటనంటుండు. మూడు దినాలే గదనే, ఆగుదాం" అని తాడు చుట్ట చుట్టుకున్నాడు. లారీ ఖాళీగా పోయింది.

బావ ఉన్నాడు. సంచిలో తెచ్చుకున్న కథల కట్టను దొడ్లో కూర్చొని దిద్దుకుంటుంటే ఒక మేక వెనక నుంచి వచ్చి సూర్యుడి మీదికి ప్రయాణం కథను పూర్తిగా తినేసింది. ఆ నెల వచ్చిన కథల్లో ఎవరికైనా అరిగింది అదొక్కటే. ఆదివారం వచ్చింది, పోయింది. సోమవారం పొద్దున అవ్వ కొడుకు తడిక తీస్తే మంద మొత్తం ఒకరినొకరు తోసుకుంటూ మేతకు పోయింది. తిరుగు బస్సులో బావ ఎంత గాఢంగా నిద్రపోయాడంటే, నల్లగొండలో దిగడం మరిచి దేవరకొండ దాకా పోయాడు. బతికిన మంద గురించి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. నేను రాసిన పేరా నమ్మి అప్పటికే అమ్మేసుకున్న ఆ రెండిండ్ల గురించి మాత్రం అక్క దగ్గర చాలాసార్లు అన్నాడట. తర్వాత కొన్నేండ్లకు పత్రిక ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, అలసిపోయింది.

ఇక నేను ఒప్పుకోవాల్సిన జాగా వచ్చింది. మేక తిన్నది నిజం, పూర్తి కథ కాదు, రెండు పేజీలు. దేవరకొండ పెంచింది. నాలుగు భూములు పెంచినవి, పోయింది ఒక్కటే నిమ్మకాయ. ఇవన్నీ నా రోగం. లేనిది కట్టింది నన్నే. ఆ పొద్దున నేను బస్సెక్కలేదు. బస్‌స్టాండు దాకా పోయాను. "వస్తవా?" అని అడిగాడు బావ. "ఆఫీసుల తనిఖీ ఉన్నది బావా" అన్నాను. తనిఖీ ఏమీ లేదు. ఆయనకూ తెలుసు. "సరే తియ్, ప్రూఫులు జూసుకో" అని బస్సెక్కి, అవ్వ పక్కన కూర్చున్నాడు.

అక్కడ జరిగింది నాకు తెలిసింది అవ్వ వల్లే. ఎండలు ముదరకముందే ఆమె ఒక గొంగడి మోసుకొని గదికి వచ్చింది. బావ లేడు, నేనే ఉన్నాను. అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. "రాసింది నేనే, కొడితే నన్ను కొట్టుండ్రి అన్నడు బిడ్డా, గంత మందిల. మీ సారు అబద్ధాలు రాస్తడు గని, మల్ల తానే వచ్చి అబద్ధమని చెప్పిపోతడు. గసొంటోణ్ణి నేను సూడలే" అంది. ఇంతకూ నువ్వెవరివి అని అడిగింది. బామ్మర్దినన్నాను. అంతే అన్నాను.

బావతో ఈ మాట ఎత్తబోయింది ఒకేసారి. "బావా, ఆ కథ..." అనగానే, కలం ఆపకుండానే, "దాంట్ల రెండు అచ్చుతప్పులు వదిలినవు" అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన పోయినాక చెప్పుకునేవాళ్లూ లేకపోయారు.

నల్లగొండ నుంచి కేతేపల్లికి బస్సులో గంటన్నర దారి. ఈ కాగితాల మీదుగా పోయిన నాకు పద్దెనిమిదేండ్లు పట్టింది.