నర్సక్కతో ఒక్క గేము

ఉద్యోగం కొత్త, ఊరు కొత్త, మీసం కూడా దాదాపు కొత్తే అయిన ఆ రోజుల్లో సాయంత్రం అయిదున్నర అంటే నాకు భయంగా ఉండేది. ఆఫీసుకి తాళం పడుతుంది, ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ ఉండదు. గురజాలలో అప్పటికి నేను కనిపెట్టిన వినోదాలు రెండే. ఒకటి టీ తాగడం, రెండోది బస్టాండులో నిలబడి మాచర్ల బస్సులోంచి ఎవరు దిగుతున్నారో చూడటం. (తెలిసినవాళ్ళెవరూ దిగేవారు కాదు. ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళుంటే కదా!) ఆ రెండూ అయ్యాక ఇంటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, "ఇదేం ఊరు బాబాయ్, గుంటూరులో అయితేనా..." అని మా ఇంటి ఓనరు దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. నిజానికి మాది ఎడ్లపాడు పక్కన పల్లెటూరు. గుంటూరు హాస్టల్లో మూడేళ్ళున్న ఘనతకే నగరవాసినైపోయాను.

బాబాయి మిరప రైతు. ఓపిక ఉన్న మనిషే గానీ, దానికీ ఓ రోజు గడువు తీరింది. "ఒరేయ్ అబ్బాయ్, రోజూ ఈ ఏడుపేందిరా? పక్క జాగా ఖాళీగానే ఉంది. ఏం చేస్కుంటావో చేస్కో, నా చెవులు మాత్రం వదిలెయ్" అన్నాడు. "అయితే షటిల్ కోర్టు వేద్దాం బాబాయ్. నేను కాలేజీ టీముకి కెప్టెన్ని" అన్నాను. (టీములో నా అసలు పని, హాస్టలు కప్పు మీద పడిన షటిళ్ళు ఎక్కి తేవడం.)

రెండు ఆదివారాలు పట్టింది. ముళ్ళకంప కొట్టాం, వెదురు గడలు పాతాం, మిరపనారుకి నీడ కోసం కప్పే ఆకుపచ్చ వలని కోసి నెట్టుగా కట్టాం. సున్నంతో గీతలు గీసే బాధ్యత కెప్టెన్ని గనక నేనే తీసుకున్నాను. తాడు సాగిందో, నేనే వంకరగా నడిచానో, ఒకవైపు కంటే రెండోవైపు మూరెడు పెద్దదైంది. ఆ పెద్దవైపు ఎప్పుడూ ఎదుటివాళ్ళకే వదిలేవాణ్ణి. మందుల షాపాయన, కరెంటు పని చేసే ఆయన, మా ఆఫీసువాళ్ళు ఇద్దరు, అలా పదిమందిమి చేరాం. వీధిలో ఆడవాళ్ళు ప్రహరీ గోడ మీద కూర్చుని చూసేవారు. వాళ్ళకి మా ఆట కంటే మా పాట్లు నచ్చాయనుకుంటాను, తెగ నవ్వేవారు.

ఓ సాయంత్రం ఎదురింటి నర్సక్క గోడ దిగి వచ్చింది. సర్కారు ఆస్పత్రిలో పని, నలభై దాటిన మనిషి. "తమ్ముడూ, మాక్కూడా ఓ గంట వదలకూడదా? ఇంట్లో కూర్చునీ కూర్చునీ మోకాళ్ళు పట్టేస్తన్నయ్" అంది. మావాళ్ళంతా నా వైపు చూశారు. నేను ఛాతీ విరిచి, "చూసినంత తేలిక కాదక్కా ఇది. నన్ను ఒక్క గేములో గెలవండి, సాయంత్రాలన్నీ మీకే" అన్నాను. మందుల షాపాయన నా చెవిలో, "ఏంది కెప్టెన్, అన్నీనా?" అన్నాడు. "ఊరికే అన్నాలెండి" అన్నాను ధీమాగా.

ఆదివారం చర్చి అయ్యాక, ఎండ కాస్త తగ్గిన వేళ, వీధి వీధంతా గోడెక్కింది. నర్సక్క చెప్పులు విడిచి, కొంగు నడుముకి దోపి, గుడ్డసంచిలోంచి ఓ పాత బ్యాటు తీసింది. పిడికి ఆస్పత్రి ప్లాస్టరు చుట్టి ఉంది. ఆమె ఆ బ్యాటు పట్టుకున్న తీరు చూడగానే నేను నా బ్యాటు పట్టు సరిచేసుకున్నాను. చదువుకునే రోజుల్లో ఆమె బాల్ బ్యాడ్మింటన్ జిల్లా జట్టులో ఆడిందని నాకు తర్వాత తెలిసింది. గోడ మీదివాళ్ళకి ముందే తెలుసు.

ఇరవై ఒకటికి నాకొచ్చినవి ఎనిమిది. వాటిలో అయిదు, పక్కన ఆరబోసిన మిరపకాయల మీదుగా గాలి వీచి ఆమె తుమ్మినప్పుడు వచ్చినవి. అది చాలదన్నట్టు మా ఓనరు బాబాయి భార్య, పిన్ని, గోడ మీంచి, "అక్కా, అబ్బాయి ఎడమపక్కకి కదలట్లా, అటే కొట్టు!" అని అరిచింది. (రోజూ నాకు చారు పంపే మనిషి!)

ఆట అయ్యాక నర్సక్క నెట్టు దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, "నిజం చెప్పు తమ్ముడూ, కాలేజీలో ఆడావా?" అంది.

"షటిళ్ళు ఏరానక్కా" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. గోడ వైపు తిరిగి, "కెప్టెన్ పెద్దదాన్నని మొహమాటపడి ఆడాడు!" అని గట్టిగా చెప్పి, మళ్ళీ నాతో గొంతు తగ్గించి, "రేపు పొద్దున ఆరింటికి రా. ముందు నిలబడటం నేర్పిస్తా" అంది.

అలా సాయంత్రాలు ఆడవాళ్ళవయ్యాయి, మాకు తెల్లవారుజాములు మిగిలాయి. గోడ మీదికి మగవాళ్ళు చేరారు. "అన్నం ఎప్పుడు వండుతావే?" అని బాబాయి అక్కణ్ణుంచి కేకేస్తే, "గేమ్ అవలా, నువ్వే కుక్కర్ పెట్టు" అని పిన్ని బ్యాటు ఊపేది. బాబాయి గొణుక్కుంటూనే వెళ్ళి పెట్టేవాడు. సాయంత్రం అయిదున్నర ఎప్పుడవుతుందా అని ఆ వీధంతా ఎదురుచూసేది, నాతో సహా.

రెండేళ్ళ తర్వాత నరసరావుపేటకి బదిలీ అయింది. వెళ్ళే రోజు నర్సక్క నాతో ఓ గేము ఆడింది. ఇరవై ఒకటి, పంతొమ్మిది. గెలిచాను! అందరూ చప్పట్లు కొట్టారు, పిన్ని కళ్ళు తుడుచుకుంది, నేను రాజాలాగా బస్సెక్కాను. ఆమె ఆఖరి నాలుగు షటిళ్ళూ సరిగ్గా నా కుడిచేతికే ఎందుకందించిందన్న అనుమానం పిడుగురాళ్ళ దాటాక గానీ రాలేదు. ఇప్పుడు తలుచుకున్నప్పుడల్లా ఆ కుర్రాణ్ణి పిడుగురాళ్ళకి ఇవతలే ఆపేస్తాను. కిటికీ పక్క సీట్లో, ఒళ్ళో బ్యాటు పెట్టుకుని, గెలిచానన్న సంతోషంతో ఇంకాసేపు కూర్చోనీ అని.