నడి ఏట్లో సమ్మవ్వ ఒట్టు

రాయికల్లో సమ్మవ్వ పేరెత్తితే ముందు ఆమె నోరు గుర్తుకొస్తుంది, తర్వాతే మనిషి. పుచ్చు వంకాయలు అడుగున పెట్టి అమ్మినవాడైనా, జగిత్యాల బస్సులో సీటు మీద దస్తీ వేసి చాయ్ తాగడానికి పోయినవాడైనా ఒక్కసారి ఆమె వాతన పడ్డాడంటే మళ్ళీ ఆ పని చెయ్యడు. అంత నోరున్న మనిషి ఒక్క విషయంలో మాత్రం మూడేళ్ళుగా ఎవరెన్ని అన్నా కిక్కురుమనకుండా పడింది. అది మొగుడికి ఆమె పెట్టిన ఒట్టు.

మొగుడు లక్ష్మీరాజం తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసేవాడు. పదహారో ఏట నడుముకు మోకు కట్టాడు. మోకంటే మనిషినీ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు. గీసేవాడి ప్రాణానికి అదే ఆధారం. పొద్దునా సాయంత్రమూ పది పన్నెండు చెట్లెక్కేవాడు. మూడేళ్ళ కింద శ్రావణమాసంలో, ముసురు పట్టిన పొద్దున, తడిసిన తాటిచెట్టు మీంచి కాలు జారి వచ్చి పొలం గట్టు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. కరీంనగర్‌లో రాడ్డు వేశారు. నాలుగు నెలలు మంచమే. ఆ మంచం పక్కనే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ, అతని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసుకుంటూ ఎన్ని పగళ్ళు గడిపిందో ఆమెకే తెలియాలి.

అతను కర్ర లేకుండా నడిచిన రోజునే కాటమయ్య గద్దె దగ్గరికి తీసుకుపోయింది. గౌడుల దేవుడు కదా, ఆయన ముందైతే మాట తప్పడని. మొగుడి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"మళ్ళ మోకు కట్టినవంటే నా పీనుగను చూసినట్టే. గీ దేవుడే సాక్షి" అంది.

లక్ష్మీరాజం తలూపాడు. కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఇతరుల పెళ్ళిళ్ళకు గేటు తీయడం, కార్లు వరసలో పెట్టించడం, కుక్కల్ని తోలడం. ఇంటికొస్తే పెట్టింది తినేవాడు, ఊ అంటే ఊ అనేవాడు. దారిలో ఎవరైనా "ఏందిరా రాజం, ఎక్కుతనే లేవు?" అని అడిగితే ఒకటే జవాబు.

"మా ఆమె ఒట్టు పెట్టింది. లేకుంటే రేపే ఎక్కుదును."

ఇక ఊరికి సమ్మవ్వ దొరికిపోయింది. అతని కల్లుకు అలవాటుపడ్డ ముసలాళ్ళు ఆమెను చూసి మూతులు తిప్పారు. పక్కన కూర్చుని బీడీలు చుట్టే గంగమ్మ మొహం మీదే అనేసింది. "మొగని కాళ్ళు చేతులు కట్టేసి గేటు కాడ నిలబెట్టినవు గదనే. గట్ల బతుకుడు కంటే పడి సచ్చుడే నయమనుకుంటుండు కావొచ్చు ఆయన."

ఆ మాట సమ్మవ్వ గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఒట్టు తీసేస్తే మనిషి పోతాడేమో. తీయకపోతే ఉన్న మనిషి కూడా లేనట్టే ఉన్నాడు. ఏది చెయ్యాలో తెలియక ఆమె మూడేళ్ళు లోలోపల కాగిపోయింది.

వాళ్ళ కూతురు నవనీత, అల్లుడు రాజేందర్ ఉండేది గోవాలోని పణజిలో. రాజేందర్ అక్కడ ఒక హోటల్లో వంటవాడు. మొన్న ఎండాకాలం ముందు అత్తామామలను పట్టుబట్టి రప్పించుకున్నాడు. ఆ హోటలు వాళ్ళు వచ్చినవాళ్ళను ఎనిమిదేసి మందిని తెరచాప పడవలో మాండవి నది మీద తిప్పుతారు. ఊరి పక్కన రేవులో ఎక్కించుకుని, నది సముద్రంలో కలిసే దాకా తీసుకుపోయి తీసుకొస్తారు. ఆ రోజు నాలుగు సీట్లు మిగిలిపోయాయి. మేనేజరు రాజేందర్‌ను పిలిచి మీవాళ్ళను తీసుకుపొమ్మన్నాడు.

సమ్మవ్వకు తెలిసిన నీళ్ళంటే ధర్మపురి గోదావరి, అదీ మోకాలి లోతు. సిరిసిల్ల చీర కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుని పడవలోకి అడుగుపెట్టగానే అది కాస్త ఊగింది. "వామ్మో, గిది కదులుతున్నదే!" అని కేకేసింది.

"కదలకుంటే ఎట్ల పోతదత్తా?" అని నవ్వాడు రాజేందర్.

పడవ నడిపే పెద్దాయన అందరికీ నీళ్ళలో తేల్చే నారింజరంగు జాకెట్లు తొడిగాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, హిందీ కొంచెం కొంకణి కొంచెం. మిగతా నలుగురూ పుణె నుంచి వచ్చిన పిల్లలు. తాడు లాగగానే తెరచాప బుస్సుమని నిండింది. ఇంజను చప్పుడు లేకుండా పడవ జారిపోతుంటే సమ్మవ్వ భయం కూడా కాసేపటికి పోయింది. ఒక పక్క ఊళ్ళోని తెల్లని మేడలు, ఇంకో పక్క కొబ్బరిచెట్లు, మధ్యలో ఇనుప ఖనిజం మోసే పొడుగాటి బార్జీ పడవలు. నవనీత ఫోన్లో ఫొటోలు తీస్తూనే ఉంది.

లక్ష్మీరాజం మాత్రం నదిని చూడలేదు. పడవ మధ్యలో తెరచాప కట్టిన కొయ్య ఉంది, తాటిచెట్టంత ఎత్తు కాకపోయినా ముప్ఫై అడుగులుంటుంది, పాత టేకు. దాని కొస వంకే చూస్తూ కూర్చున్నాడు. చూడడం, మళ్ళీ తల దించుకోవడం. సమ్మవ్వ అది కనిపెట్టింది. ఆశ చావలేదు పాపం, అనుకుంది.

సముద్రం మొగ దాకా పోయి వెనక్కి మళ్ళేటప్పుడు వచ్చింది తంటా. పెద్దాయన తెరచాప దించుదామని తాడు వదిలాడు. చాప రెండు మూరలు దిగి ఆగిపోయింది. లాగాడు, విదిలించాడు, తిట్టాడు. పైన గిరకలోంచి తాడు తప్పి పక్కన ఇరుక్కుపోయింది. ఇంజను వేశాడు గాని, చాపలో గాలి నిండి ఉన్నంతసేపూ పడవ అటే లాగుతుంది తప్ప రేవు వైపు తిరగదు.

"భయపడే పనిలేదు. మావాడి బోటుకు ఫోన్ చేశాను, అరగంటలో వచ్చి లాక్కుపోతాడు" అన్నాడు హిందీలో.

అరగంట కూర్చుంటే అయిపోయేదే. కాని రాజేందర్ ఊరుకుంటేనా! "అరగంటెందుకు? మా మామ తాళ్ళెక్కే మనిషి. గింతంత కొయ్య ఆయనకొక లెక్కనా?" అని పుణె పిల్లలకు హిందీలో విప్పి చెప్పాడు. వాళ్ళు "అంకుల్, అంకుల్" అని చప్పట్లు మొదలుపెట్టారు.

లక్ష్మీరాజం చేతులడ్డంగా ఊపాడు. "మా ఆమె ఒట్టు పెట్టింది. లేకుంటే రెండు నిమిషాల పని."

అంతే, పడవలోని మొహాలన్నీ సమ్మవ్వ వైపు తిరిగాయి.

"తీసెయ్ అవ్వా ఒట్టు" అంది నవనీత. "ఎన్నేండ్లు పట్టుకుంటవ్? బాపు మొఖం చూడు జర."

సమ్మవ్వ చూసింది. ఇప్పుడు కాదంటే ఇక ఎప్పుడూ ఔననలేనని తోచింది. మూడేళ్ళ ముల్లు ఈ నీళ్ళల్లోనే తీసి పారెయ్యాలి. పడితే పడవలోనో నీళ్ళలోనో పడతాడు, జాకెట్ ఉంది, చుట్టూ మనుషులున్నారు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలంటరు. నడి ఏట్ల గట్టెక్కడిది నాకు?" అంది. పక్కకు వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నెత్తిన పోసుకుంది. "పోయింది. గంగల కలిసింది నా ఒట్టు. ఎక్కుపో."

లక్ష్మీరాజం వెంటనే లేవలేదు. మంచినీళ్ళడిగి తాగాడు. పెద్దాయన రెండు తాళ్ళిచ్చాడు. మొదటిది నున్నగా ఉందన్నాడు. రెండోది నడుముకు చుట్టి ముడివేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. ఆ చేతులు కళ్ళు మూసుకుని మోకు కట్టిన చేతులు. అలవాటు తప్పింది కదా అని సరిపెట్టుకుంది సమ్మవ్వ. పెద్దాయన ముడి లాగి చూసి, సరేనని తలూపాడు.

ఎక్కాడు. తాడు పైకి విసరడం, దాని మీద వెనక్కి వాలడం, కాళ్ళు జరపడం. నాలుగైదు విసుర్లకు మనిషి తలల మీదికి పోయాడు. పుణె పిల్లలు ఈలలు. రాజేందర్ వీడియో. "మా బాపు!" అని నవనీత గంతులు.

సగం కొయ్య దగ్గర ఆగాడు.

"ఊపిరి తీసుకుంటుండు" అన్నాడు రాజేందర్.

కాని సమ్మవ్వ చూస్తున్నది అతని వీపును కాదు, కాళ్ళను. సద్ది పట్టుకుపోయి తాటివనంలో చెట్టు కింద కూర్చుని తలెత్తి చూసినన్ని రోజులు ఆమె చూసింది ఆ అరికాళ్ళనే. మనిషి కులాసాగా ఉంటే వేళ్ళు విడిగా ఉంటాయి, ఒళ్ళు మోకు మీద వాలి ఉంటుంది. ఇప్పుడు ఆ వేళ్ళు ముడుచుకుపోయి కొయ్యను గీరుతున్నాయి. వెనక్కి వాలాల్సిన మనిషి రొమ్ము కొయ్యకు ఆనించి, రెండు చేతులా కావలించుకుని, చెంప దానికి అదిమిపెట్టాడు. గీసేవాడు అట్లా చేశాడంటే తాడు వదులైపోతుంది. ఇంకో నిమిషం అట్లాగే ఉంటే జారిపోతాడు.

భయపడ్డాడు! సమ్మవ్వకు ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. ఈ ఒక్కసారే కాదు, మూడేళ్ళుగా భయపడుతూనే ఉన్నాడు. అడిగినవాళ్ళకల్లా ఒట్టు, ఒట్టు అని చెప్పింది ఆమె మీద కోపంతో కాదు. ఆ ఒట్టు చాటున దాక్కున్నాడు. కొయ్య కొస వంక చూసింది ఆశతో కాదు. తెలివితక్కువదాన్ని, ఆ చాటు నా చేతులతో నేనే తీసి నీళ్ళల్లో కలిపేశాను కదా అనుకుంది.

పుణె పిల్లలు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నారు. పెద్దాయన ఏదో అనుమానంగా కళ్ళు చికిలించాడు. ఇంకొక్క క్షణమైతే అందరికీ తెలిసిపోతుంది.

సమ్మవ్వ లేచి నిలబడి నోరు తెరిచింది.

"ఓ ముసలోడా! దిగు! దిగుతవా లేదా? ఇయ్యాల కొయ్య ఎక్కుతవు, రేపు రాయికల్ పోయి తాడెక్కుతనంటవు, నాకు తెల్వదా నీ ఉపాయం? తీసిన ఒట్టు మళ్ళ పెడుతున్న, ఇను! గీ కొయ్య మీద ఇంకొక్క అడుగు ఎక్కినవంటే నా మీద ఒట్టే!"

చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి.

"అవ్వా, ఏందే!" అంది నవనీత.

"నువ్వు నోరు మూస్కో! ఏమయ్యో, ఇనవడుతున్నదా? కొయ్యను ఇడువు! ఎనుకకు వాలు, తాడు మీద బరువెయ్యి! దినాం చెప్పాల్నా నీకు? ఆఁ, గట్ల. ఎడమ కాలు దించు. కిందికి చూడకు, నా మొఖమేమన్న సినిమానా చూడనీకి! ఇప్పుడు తాడు జరుపు. పైలం. కుడికాలు..."

వినేవాళ్ళకది తిట్టు. కొయ్య మీది మనిషికి మాత్రం ఆ గొంతు పట్టుకుని దిగే మెట్లు. లక్ష్మీరాజం చెంప కొయ్య నుంచి విడిపడింది. వెనక్కి వాలాడు. తాడు బిగిసింది. ఒక్కొక్క జానే దిగాడు. సమ్మవ్వ అతని పాదాలు పడవకు ఆనే దాకా తిట్టడం ఆపలేదు. ఆనాక ఆపి కూలబడింది.

పుణె పిల్లల్లో ఒకమ్మాయి పక్కనున్న అబ్బాయి చెవిలో ఏదో చెప్పి నవ్వింది. రాజేందర్ ఫోన్ జేబులో పెట్టుకుని అటు తిరిగాడు. నవనీత మొహం ఎర్రబడిపోయింది.

"నీ నోరు నోరు కాదవ్వా! ఇంత మంది ముంగట బాపు పరువు తీసినవు. జర ఆగితే అందుకుంటుండె. ఆయన్ను మనిషిలెక్క బతకనియ్యవా నువ్వు?"

సమ్మవ్వ కొంగుతో మొహం తుడుచుకుని నీళ్ళ వంక చూసింది. అననీ. ఊరంతా అన్నది, కూతురూ అననీ. ఆయన కిందికొచ్చాడు, అది చాలు. దూరంగా వాళ్ళను లాక్కుపోయే బోటు కనబడుతోంది.

లక్ష్మీరాజం కొయ్యకు ఆనుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. ఊరుకుంటే సరిపోయేది. అందరూ అతని వైపే ఉన్నారు. తప్పంతా ఆమె నెత్తినే పడింది, మూడేళ్ళుగా పడుతున్నట్టే.

"బిడ్డా" అన్నాడు. కూతురి వైపు ఒక అడుగు వేశాడు. "బిడ్డా, మీ అవ్వను ఏమనకు."

నవనీత తలెత్తింది.

"అందుకుంటుండె అంటున్నవు గదా, అందుకోకపోదును. పైన నాకు కాళ్ళు చేతులు ఆడలే. పడ్డకాడికెల్లి గట్లనే ఉన్నది. తాడు పేరు చెప్తెనే చెమటలు పడ్తయి. ఊళ్ళె సిగ్గయి మీ అవ్వ మీద పెట్టిన. మూడేండ్ల సంది ఆమెను అందరితోని అనిపిచ్చిన. ఇప్పుడు గూడ నా సిగ్గు కాపాడెతందుకే ఒర్రింది ఆమె." రాజేందర్ వైపు తిరిగాడు. "గా పిలగాండ్లకు గూడ చెప్పు అల్లుడా, హిందీల. మా మామకు భయమని చెప్పు."

రాజేందర్ చెప్పాడో లేదో సమ్మవ్వ వినలేదు. నాలుగు నెలలు మంచం పక్కన కూర్చున్నప్పుడు ఏడవని మనిషి, ఆ పడవలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సిగ్గుతో కాదు, కోపంతో కాదు, సంతోషంతోనే. నవనీత వచ్చి తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భుజం పట్టుకుంది.

లక్ష్మీరాజం నడుముకు తాడు అట్లాగే ఉంది. విప్పబోయాడు. ముడి బిగిసిపోయింది, వేళ్ళకు చిక్కలేదు.

"ఇటు రా" అంది సమ్మవ్వ ముక్కు చీదుకుంటూ. అతన్ని దగ్గరికి లాక్కుని, వంగి, ఆ ముడిని పళ్ళతో పట్టి విప్పింది.