డోలీ ఆట

ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి డిగ్రీలు చదివినవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి పిలుస్తారంటే మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నన్ను పిలిచేది వాళ్లు కునుకు తీయకుండా చూడటానికే అనుకోండి. మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి ఏటేటా సైతాను వేషం నాదే. అది చూసి పగలబడి నవ్విన ఒక స్వచ్ఛంద సంస్థ మేనేజరు, మా సిబ్బందికి కూడా ఇలా నవ్విస్తూ నేర్పగలవా అని అడిగాడు. అప్పటినుంచి మన్యంలో తిరిగే కార్యకర్తలకు ఆటలతో శిక్షణ ఇవ్వడమే నా పని. సరంజామా అంటారా, సుద్దముక్కలు, చీటీలు, ఒక విజిల్.

అనంతగిరిలో ఆ రెండు రోజుల శిక్షణకు తొమ్మిది మంది వచ్చారు. గర్భిణులను వేళకు ఆసుపత్రికి చేర్చడం వాళ్ల ఉద్యోగం. ప్రాజెక్టు తగ్గిపోతోంది, ఆరుగురినే ఉంచుతారు. ఎవరిని ఉంచాలో నేనిచ్చే మార్కులు చూసి తేలుస్తామన్నాడు మేనేజరు. చురుగ్గా పాల్గొంటే మార్కులు. అంటే నోరున్నవాళ్లకు ఎక్కువ, లేనివాళ్లకు తక్కువ. నోటితో బతుకుతున్నవాణ్ణి కదా, అందులో తప్పేముందో నాకు తోచలేదు.

ముంచింగిపుట్టు వైపు నుంచి వచ్చిన ఒకావిడ మొదటి రోజంతా నోరు విప్పలేదు. పేరు చెప్పి ఏదైనా జంతువులా అరవాలని ఆట పెడితే పేరు మాత్రం చెప్పి కూర్చుంది. ఈవిడ చేపలెండి, దానికి అరుపుండదు అన్నాను. అందరూ నవ్వారు. సాయంత్రం టీ దగ్గర తనే నా దగ్గరికి వచ్చింది.

"రేపటి ఆటకి కూడా మార్కులుంటాయా సారూ?"

"ఉంటాయమ్మా. నోరు తెరిస్తే చాలు, పళ్లు లెక్కపెట్టంలే."

ఆవిడ నవ్వలేదు. ఇద్దరు పిల్లలున్నారని, ఈ పని పోతే మళ్లీ కాఫీ తోటల్లో కూలికెళ్లాలని చెప్పి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయింది.

రెండో రోజు నేను చాలా గొప్పదనుకున్న ఆట. మేనేజరు కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. రోడ్డు లేని ఊళ్లలో మనిషిని దుప్పట్లో పడుకోబెట్టి, దాన్ని కర్రకు కట్టి మోసుకొస్తారు, అదే డోలీ. హాలులో సుద్దతో దారి గీశాను. ఈ చివర ఊరు, ఆ చివర అంబులెన్సు ఆగే రోడ్డు. మధ్యలో బోర్లించిన చీటీలు: సిగ్నల్ లేదు, మోసేవాడి కాలు బెణికింది, వాగు పొంగింది. పది నిమిషాల్లో చేరాలి. గర్భిణిగా ఎవరు పడుకుంటారంటే ఒకరినొకరు ముందుకు తోసుకుంటున్నారు. ఆవిడ చెయ్యెత్తింది.

నేను వేసిన ముడి చూసి విప్పేసింది. "ఊయల ముడేసేరు సారూ. దిగుడులో జారిపోద్ది." తనే మళ్లీ కట్టి పడుకుంది. తల వెనకవైపు ఉండాలని, రాళ్లొచ్చే చోటికి ముందే భుజం మార్చుకోవాలని మోసేవాళ్లకు చెబుతూ పోయింది. నేర్పేది ఇప్పుడు ఆవిడే. వాగు చీటీ దగ్గర ఆపించింది.

"ఇక్కడ దింపీండి."

ఇంకా నాలుగు నిమిషాలుంది, నడవండి నడవండి అని నేను అరిచాను.

"ఇంక బేగి ఎల్లి ఏటి సేత్తారు సారూ. మా అప్ప ఇక్కడే సచ్చిపోనాది. ఎనకాల కర్ర మోసింది నానే."

అప్పంటే వాళ్ల అక్క. మోసేవాళ్లు డోలీ దింపేశారు. నా ఫోనులో టైము నడుస్తూనే ఉంది. పది నిమిషాలు కాగానే అలవాటు కొద్దీ విజిల్ ఊదాను. ఆట ముగిశాక, ఆడినవాళ్లను ఎలా అనిపించిందో అడగాలి, అది పద్ధతి. అదీ అడిగాను. ఆవిడ దుప్పటి మడతపెడుతోంది.

"బాగా ఆడినానా సారూ?"

పూర్తి మార్కులు వేశాను. ఆరుగురిలో ఆవిడ ఉంది. బతికాననుకున్నాను. వారం తిరక్కుండా మేనేజరు ఫోను చేశాడు. ఆ రోజు ఆయన వెనక వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడట. ఇంతగా కదిలించిన శిక్షణ ఎప్పుడూ చూడలేదట. ఆవిణ్ణి ఉంచింది అందుకేనట, ఇకమీదట ప్రతి శిక్షణకూ వెంటబెట్టుకు వెళ్లాలట.

ఆ ఆటే మానేస్తానని ఆవిడతో చెప్పాను.

"తీసేత్తే నన్నూ తీసేత్తారు. మోసేవోళ్లు మోత్తారు, మీకేటి బరువు సారూ?"

మొన్న సీలేరులో పెట్టింది అయిదోసారి. మొదలుపెట్టే ముందు నన్ను పక్కకు పిలిచి, ఆటను అన్నాలకు ముందే పెట్టమంది.

"తిన్నాక డోలీలో పడుకుంటే నిద్దరొచ్చేత్తంది సారూ."

ఆవిడ జోకు వేయగా వినడం అదే మొదటిసారి. నవ్వుతానేమోనని నా మొహంలోకి చూస్తోంది. నవ్వాను. దుప్పటి, కర్ర ఆవిడ చేతికిచ్చాను. ముడి ఆవిడే వేసుకుంటుంది.