రైలు పట్టాలు లేనిచోట ఎర్ర దీపం

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. రాయ్‌పూర్ పండరీ బజార్లో నేను పనిచేసే చీరల షాపులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పగానే అమ్మాయిలు అలాంటి కథలే చెప్పుకుంటారు. అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. అందుకే ఈ సంగతి వాళ్లకి ఇంతవరకు చెప్పలేదు.

మా నాన్న రైలింజన్ డ్రైవరు. శ్రీకాకుళం నుంచి రాయ్‌పూర్ వచ్చి ఇరవై ఆరేళ్లు బండి నడిపాడు. ఇంజన్ కిటికీలోంచి చూసి చూసి ఆయనకి పిట్టల పిచ్చి పట్టింది. ఏ స్టేషన్ దాటితే పాలపిట్టలుంటాయో, చలికాలం ఏ చెరువులో బాతులు దిగుతాయో నోటికే చెప్పేవాడు.

తర్వాత కంటి పరీక్షలో తప్పాడు. ఇంజన్ దింపి ఆఫీసులో కూర్చోబెట్టారు. అప్పట్నుంచి తన కళ్లని తనే నమ్మడం మానేశాడు. రోడ్డు దాటాలన్నా నా చెయ్యి పట్టుకునేవాడు. పక్కనే పిట్ట కూసినా తలెత్తేవాడు కాదు. అది చూడలేక, ఒక జనవరి ఆదివారం మావయ్య కారు అడిగి తెచ్చి, తెల్లారేసరికి ఆయన్ని ఎక్కించాను.

"ఏటే గుంటా, గుడ్డోణ్ణి పిట్టలు సూడ్డానికి తీసుకెల్తన్నావా?" అన్నాడు.

"చెవుల్తో చూద్దువుగానీ, చలో," అన్నాను.

ఊరి బయట ధర్సీవా దాటి పల్లె రోడ్డు ఎక్కాక మంచు దట్టంగా కమ్మేసింది. భయం పోవడానికి మా పాత ఆట మొదలుపెట్టాను. రైలింజన్లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవాళ్లు అదే మాట తిరిగి చెప్పాలి. అది వాళ్ల రూలు. చిన్నప్పుడు సైకిల్ మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని నాన్న అలాగే ఆడించేవాడు.

"మైలురాయి," అన్నాను.

"మైలురాయి," అన్నాడు.

"మేక."

"మేక. సైడియ్యే దానికి, వీఐపీ అది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకాస్త ముందుకెళ్లాక నాన్న గొంతు వినబడింది. "రెడ్!"

"రెడ్!" అంటూ బ్రేక్ తొక్కేశాను.

ఎదురుగా మంచులో ఎర్ర దీపం. మనిషి ఛాతీ ఎత్తులో, అడ్డంగా ఊగుతోంది. రైల్వేలో దానికి ఒకటే అర్థం, ఆగు అని. రెండు మూడు ఊపుల తర్వాత ఆరిపోయింది.

ఫోన్ టార్చ్ వేసి దిగాను. పది అడుగుల దూరంలో కల్వర్టు కూలిపోయి ఉంది. అడ్డంగా ఒక కొమ్మ కూడా పెట్టలేదు. కింద నల్లగా నీళ్లు. "కౌన్ హై భయ్యా?" అని అరిచాను. ఎవరూ పలకలేదు. అక్కడి తడిమట్టి మీద ఒక్క కాలి గుర్తు లేదు.

కారుకి ఆనుకుని నిలబడ్డాను. నెమ్మదిగా మంచు పలచబడింది. అవతల చెరువు. దాని నిండా బాతులు! హిమాలయాలు దాటి వస్తాయట. నా భయమంతా ఎటుపోయిందో తెలీదు.

"తల ఎనక నల్లగీతలు లెక్కెట్టు. రెండుంటాయి," అన్నాడు నాన్న, కారు దిగకుండానే, వాటి కూత విని. చూశాను. సరిగ్గా రెండే.

అంతలో అన్నీ ఒక్కసారి లేచాయి. మా తలల మీదుగా వెళుతుంటే నాన్న కారు దిగి, మెడ పూర్తిగా వెనక్కి వంచి, చివరి బాతు పోయేదాకా చూశాడు. ఎన్నాళ్లకో ఆయన తలెత్తడం.

గడ్డిమోపుతో వచ్చిన ఒక ముసలాయన్ని దీపం గురించి అడిగాను. ఈ చలిలో తనకంటే ముందు ఎవరూ బయటికి రాలేదన్నాడు. రైలు పట్టాలు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేవట.

తిరిగి వస్తూ, "నువ్వు రెడ్ అనకపోతే ఇద్దరం పోయేవాళ్లం నాన్నా," అన్నాను.

ఆయన నాకేసి తిరిగాడు. "నానెక్కడన్నానే? ముందు నువ్వే అన్నావు. నాను తిరిగి సెప్పినానంతే. ఈ కళ్లకి ఆ మంచులో ఏటి కనబడతాది?"

సిగ్నల్ విషయంలో మా నాన్న అబద్ధమాడడు. ముందు ఆయన గొంతే విన్నానని నేనూ ఒట్టేసి చెప్పగలను. ఇప్పుడు చలికాలం ఆదివారాలు ఆయనే నన్ను లేపి చెరువులకి బయలుదేరదీస్తున్నాడు. దారిలో ఈ వాదన ప్రతిసారీ వస్తుంది, ఇద్దరం తగ్గం. ఇద్దరం తిరిగి చెప్పినవాళ్లమే అయితే, మొదట చెప్పింది ఎవరో నాకు ఈరోజుకీ తెలీదు.